మంచం పడితే ఎముకలు గుల్లబారతాయి

ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగుండలేదంటే మనవాళ్ళు మొట్టమొదట చెప్పే వైద్యం విశ్రాంతి. నడుం పట్టిందా, పడుకో. కాలు బెణికిందా, పడుకో. జ్వరం తగ్గి వారమైందా, అయినా సరే మరో వారం పడుకో. ఆపరేషనయి ఇంటికి వచ్చినవాళ్ళను మంచం దిగనివ్వకపోవడమే ప్రేమకు గుర్తు. నీళ్ళు మంచం దగ్గరికి, అన్నం మంచం దగ్గరికి, చివరికి బెడ్‌పాను కూడా మంచం మీదికే. "మీరు కదలకండి అత్తయ్యా, అన్నీ మేం చూసుకుంటాం" అనే కోడలు మంచి కోడలు. మామ్మగారిని లేపి కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపించే కోడలిని చూసి మాత్రం ఇరుగుపొరుగు అమ్మలక్కలు "ఎంత రాతిగుండె!" అని బుగ్గలు నొక్కుకుంటారు.

ఈ వారం నేను ఆ రెండో కోడలి తరఫున మాట్లాడదలచుకున్నాను.

విశ్రాంతి అక్కరలేదని నేను అనడం లేదు. విశ్రాంతి కూడా ఒక మందే. మందన్నాక మోతాదు వుంటుంది. ఎన్ని మాత్రలు, ఎన్ని పూటలు, ఎన్ని రోజులు అని డాక్టరుని గుచ్చి గుచ్చి అడుగుతాం. విశ్రాంతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎన్ని రోజులని ఎవరూ అడగరు. మోతాదు మించిన విశ్రాంతి చేసే కీడు చాలా వుంది. వీపున పుళ్ళు పడతాయి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాళ్ళ సిరల్లో రక్తం గడ్డ కడుతుంది. ఇవన్నీ కంటికి కనిపించేవో, బాధ పెట్టేవో. కంటికి కనిపించకుండా, నొప్పి పుట్టకుండా జరిగిపోయే కీడు మరొకటి వుంది. అదే ఎముకలు లోలోపల గుల్లబారిపోవడం.

ఎముక రాయి కాదు

ఎముకంటే మనకు గుర్తొచ్చేది చచ్చిన ఎముక. ఎండిపోయి, తెల్లగా, రాయిలా వుంటుంది. మీ ఒంట్లో వున్న ఎముక అలాంటిది కాదు. దానికి రక్తప్రసారం వుంది, నరాలున్నాయి, ప్రాణమున్న కణాలున్నాయి. అది ఎప్పుడూ పనిలోనే వుంటుంది.

ఎముకలో రెండు జట్ల కూలీలు వుంటారనుకోండి. ఒక జట్టు పాత గోడను తవ్వి తీసేస్తుంది. రెండో జట్టు వెనకాలే వచ్చి ఆ చోట కొత్త గోడ కడుతుంది. పుట్టిన దగ్గరనుంచి కన్ను మూసేదాకా ఈ మరమ్మతు ఆగదు. పెద్దవాళ్ళ అస్థిపంజరంలో ఏడాదికి సుమారు పదోవంతు ఇలా పాతది పోయి కొత్తదవుతూ వుంటుంది. తవ్వినంతా తిరిగి కట్టినన్నాళ్ళూ ఎముక గట్టిగానే వుంటుంది. తవ్వకం ఎక్కువై కట్టడం తగ్గిందా, గోడలు పలచబడి, లోపల సందులు పెద్దవై, ఎముక గుల్లబారుతుంది. డాక్టర్లు దీన్నే ఆస్టియోపోరోసిస్ అంటారు.

మరి ఎంత తవ్వాలి, ఎక్కడ కట్టాలి అని ఈ కూలీలకు చెప్పే మేస్త్రీ ఎవరు? హార్మోన్లు కొంత చెబుతాయి. ఆహారంలోని కాల్షియం, విటమిన్ డి కావలసిన సరుకు అందిస్తాయి. కాని అసలు మేస్త్రీ బరువు. మీరు లేచి నిలబడినప్పుడు ఒంటి బరువంతా వెన్నుపూసల మీదుగా, తుంటి మీదుగా, కాళ్ళ ఎముకల మీదుగా మడమల్లోకి దిగుతుంది. అడుగు వేసినప్పుడల్లా ఎముక కంటికి కనిపించనంత స్వల్పంగా వంగుతుంది. కండ బిగిసినప్పుడల్లా అది పుట్టిన చోట ఎముకను లాగుతుంది. ఎముకలో ఇరుక్కుని వున్న కణాలు ఈ వంపునూ లాగుడునూ కనిపెట్టి, "ఇక్కడ పని పడుతోంది, గట్టిగా కట్టండి" అని కబురు పంపిస్తాయి. బరువే పడకపోతే? "ఇక్కడ గోడ దండగ, తీసేయండి" అనే కబురు వెడుతుంది. శరీరం మహా పిసినారి. వాడని వస్తువును వుంచుకోదు.

ఎముక తన మీద పడే బరువును బట్టి తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మనీకి చెందిన శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే పుస్తకం రాశాడు. దీనికి చక్కని రుజువు టెన్నిస్ ఆటగాళ్ళ దగ్గర దొరికింది. ఒకే మనిషి, ఒకే తిండి, ఒకే రక్తం. అయినా 1977లో అచ్చయిన ఒక పరిశీలనలో, రాకెట్టు పట్టే చేతి పై ఎముక గోడ రెండో చేతి ఎముక గోడకంటే మగవారిలో సుమారు 35 శాతం, ఆడవారిలో సుమారు 28 శాతం ఎక్కువ మందంగా వున్నట్టు తేలింది. పని చేసిన చెయ్యి బలిసింది. పని తక్కువైన చెయ్యి మామూలుగా వుండిపోయింది.

పడుకుంటే ఏం జరుగుతుంది?

ఈ సూత్రాన్ని తిరగేసి చూద్దాం. పని ఇస్తే బలిసే ఎముక, పని తీసేస్తే ఏమవుతుంది?

1948లో అమెరికాలో డాక్టర్లు నలుగురు ఆరోగ్యవంతులైన యువకులను తీసుకుని, నడుం నుంచి కాళ్ళదాకా పిండికట్టు వేసి, ఆరేడు వారాలు పడుకోబెట్టారు. తిండికి లోటు లేదు, జబ్బు లేదు. అయినా మూత్రంలో పోయే కాల్షియం పెరుగుతూ పోయి రెట్టింపు దాకా వెళ్ళింది. ఆ కాల్షియం ఎక్కడిది? మన ఒంట్లో వున్న కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్ళలో వుంటుంది. అంచేత అది ఎముకల నుంచి కరిగి పోతున్నదే. మంచాన పడ్డవాళ్ళకు మూత్రపిండాల్లో రాళ్ళు పుట్టడానికి ఒక కారణం కూడా ఇదే.

తర్వాత ఎముక సాంద్రతను కొలిచే యంత్రాలు వచ్చాయి. 1983లో డెన్మార్కు డాక్టర్లు నడుము డిస్కు జారి ఆసుపత్రిలో మంచానికి అంటిపెట్టుకుని వున్న రోగుల వెన్నుపూసలను కొలిచారు. ఎముకలోని ఖనిజం వారానికి సుమారు 0.9 శాతం చొప్పున తగ్గిపోయింది. ఈ అంకె చిన్నదని తోసెయ్యకండి. బహిష్టులు ఆగిపోయిన కొత్తల్లో స్త్రీలకు ఎముక త్వరగా తరిగిపోతుందని మీరు వినే వుంటారు. వెన్నులో ఆ తరుగుదల ఏడాదికి సుమారు 2 శాతం. అంటే ఏడాదిలో పోయేది, మంచం మీద రెండు మూడు వారాల్లో పోతుందన్నమాట.

1990లో అచ్చయిన మరో పరిశీలనలో ఆరోగ్యవంతులైన మగవారు 17 వారాలు పూర్తిగా పడుకున్నారు. లేచేనాటికి మడమ ఎముకలో సుమారు 10 శాతం, వెన్నులోనూ తుంటి దగ్గరా సుమారు 4 శాతం ఖనిజం తగ్గింది. గమనించండి, నిలబడినప్పుడు ఎక్కువ బరువు మోసే మడమే పడుకున్నప్పుడు ఎక్కువ నష్టపోయింది. ఎక్కువ పని చేసేవాడికే పని పోయినప్పుడు ఎక్కువ దెబ్బ.

ఇంతా జరుగుతున్నా రోగికి ఏమీ తెలియదు. నొప్పి వుండదు. మామూలు ఎక్స్‌రేలో కూడా సుమారు మూడోవంతు ఎముక పోతేగాని తేడా కనిపించదు. అంచేత "ఎక్స్‌రే బాగానే వుంది" అన్న మాటను "ఎముకలు గట్టిగా వున్నాయి" అని అర్థం చేసుకోకూడదు.

బరువు లేని లోకంలో

మంచం మీద పడుకోవడానికీ ఆకాశంలో ఎగరడానికీ చుట్టరికం వుందంటే నమ్ముతారా? అంతరిక్ష నౌకలో మనిషికి బరువు తెలియదు. గాలిలో దూదిపింజలా తేలుతూ వుంటాడు. పాదాల మీద భారం పడదు. ఎముకకు సంబంధించినంతవరకు అది నూటికి నూరు పాళ్ళు మంచం పట్టడమే. 1973-74లో అమెరికా వాళ్ళ స్కైలాబ్‌లో 28, 59, 84 రోజుల చొప్పున వుండి వచ్చిన మూడు బృందాలలోనూ మూత్రంలో కాల్షియం పెరిగింది. ఎక్కువ రోజులు వున్నవాళ్ళలో మడమ ఎముక తరిగినట్టు కూడా కనిపించింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో నెలల తరబడి వుండేవాళ్ళకు తుంటి వంటి చోట్ల నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా ఎముక తగ్గుతుందని లెక్క తేలింది.

వీళ్ళు ఎవరు? దేశంలోకెల్లా ఆరోగ్యవంతులని ఏరి కోరి ఎంచుకున్నవాళ్ళు. వాళ్ళ తిండిని నిపుణులు తూచి పెడతారు. అయినా ఎముక నిలవలేదు. అందుకే ఇప్పుడు అక్కడ వున్నవాళ్ళు రోజూ సుమారు రెండు గంటలు పట్టీలతో తమను తాము బిగించుకుని పరుగెత్తుతారు, బరువుకు బదులు ఒత్తిడినిచ్చే యంత్రాలను లాగుతారు. మన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో అంతరిక్షంలో దాదాపు ఎనిమిది రోజులు గడిపినప్పుడు అక్కడ యోగాసనాలు వేసి చూడడం కూడా బరువులేమి వల్ల కలిగే చిక్కులను ఎదుర్కొనే ప్రయత్నంలో భాగమే. ఆరు నెలలు పైన వుండి వచ్చినవాళ్ళలో కొందరికి భూమి మీదికి వచ్చిన ఏడాది తర్వాత కూడా కాలి ఎముక పూర్తిగా పూడలేదని 2022లో అచ్చయిన పరిశీలన చెబుతోంది.

"మరి కుంభకర్ణుడు ఆరు నెలలు నిద్రపోయి, లేచి యుద్ధానికి వెళ్ళాడు కదా!" అని ఎవరైనా కొంటె పాఠకులు అడగవచ్చు. నిజమైన కుంభకర్ణులు కొందరు లేకపోలేదు. చలిదేశాల్లో కొన్ని జాతుల ఎలుగుబంట్లు చలికాలమంతా గుహలో నిద్రలో గడిపి, వసంతంలో లేచి నడిచిపోతాయి. వాటి ఎముకలు గుల్లబారవు. తవ్వే పనీ కట్టే పనీ రెండూ మందగించి సమంగా వుండేలా వాటి శరీరంలో ఏర్పాటు వుంది. ఆ కిటుకు ఏమిటా అని శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు. మనకు మాత్రం ఆ వరం లేదు.

ప్రతి వూళ్ళోనూ జరిగే కథ

సర్కారు ఆసుపత్రి ఎముకల వార్డులో ఏ రోజు చూసినా ఈ కథ ఒక మంచం మీద వుంటుంది. డెబ్బయ్యేళ్ళ మామ్మగారు. మోకాళ్ళ నొప్పులని రెండేళ్ళుగా తిరగడం తగ్గించారు. గుడికి వెళ్ళడం మానేశారు, పెరట్లోకి వెళ్ళడం మానేశారు, టీవీ ముందు కుర్చీ, ఆ పక్కన మంచం. ఒకరోజు తెల్లవారుజామున స్నానాలగదిలో కాలు జారింది. జారడం పెద్దగా ఏమీ కాదు, నిలబడ్డ ఎత్తు నుంచి పక్కకు ఒరిగారు, అంతే. తొడ ఎముక మెడ దగ్గర పుటుక్కున విరిగింది.

జారడం వల్ల విరిగిందని ఇంట్లో వాళ్ళు అనుకుంటారు. రెండేళ్ళుగా అరిగిపోతున్న ఎముక ఆ రోజు విరగడానికి ఒక సాకు దొరికిందని డాక్టరు అంటాడు. అంతేకాదు, కదలిక తగ్గినవారికి తొడ కండలు కూడా సన్నబడతాయి. తూలినప్పుడు నిలదొక్కుకునే శక్తి కండలదే. అంచేత కదలనివాళ్ళు పడడం ఎక్కువ, పడితే విరగడమూ ఎక్కువ.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండును. "ఈ వయసులో ఆపరేషను ఎందుకండీ, కట్టు కట్టించి మూడు నెలలు కదలకుండా పడుకోబెడదాం" అని ఇంటిపెద్ద అంటాడు. ఇక్కడే అసలు ప్రమాదం వుంది. చేతి ఎముక విరిగితే కట్టు కట్టించుకుని ఇల్లంతా తిరగవచ్చు. తుంటి విరిగిన ముసలివాళ్ళను కట్టు పేరుతో పడుకోబెడితే, విరిగిన ఎముక అతుక్కోవడం అలా వుంచి, విరగని ఎముకలు కూడా గుల్లబారతాయి. పుళ్ళు, నిమ్ము, రక్తపు గడ్డలు వెంట వస్తాయి. చాలామంది ఆ మంచం మీద నుంచి లేవరు.

అంచేత ముసలివాళ్ళకు తుంటి విరిగితే, ఒళ్ళు తట్టుకునే స్థితి వున్నంతవరకు, వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషను చేసి, మర్నాటి నుంచే వాకర్ పట్టించి నిలబెట్టడం ఇవాళ ప్రపంచమంతటా అనుసరిస్తున్న పద్ధతి. "ఈ వయసులో ఆపరేషనా" అనే ప్రశ్నకు జవాబు, "ఈ వయసులో మూడు నెలల మంచమా?" అన్నదే. ఆపరేషను ముసలితనాన్ని పోగొట్టదు, మంచాన్ని తప్పిస్తుంది. దాని విలువ అదీ.

పూర్వం డాక్టర్లు కూడా మంచాన్ని బాగా నమ్మినవాళ్ళే. గుండెపోటు వచ్చినవాళ్ళను వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. 1947లో లండన్ డాక్టరు రిచర్డ్ ఆషర్, అతిగా పడుకోబెట్టడం వల్ల వచ్చే అనర్థాలను ఒక్కొక్కటిగా వివరిస్తూ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశాడు. 1952లో అమెరికాలో లెవిన్, లౌన్ అనే డాక్టర్లు గుండెపోటు రోగులను పడక కుర్చీలో కూర్చోబెట్టవచ్చునని చూపించారు. వైద్యశాస్త్రం తన అలవాటు మార్చుకుంది. ఇళ్ళలోని అలవాటు ఇంకా మారవలసి వుంది.

మంచం మీద లేనివాళ్ళ సంగతి

"మేం మంచాన పడలేదు, ఈ గొడవ మాకెందుకు?" అంటారా? నిజమే, ఆఫీసు కుర్చీ మంచమంత కీడు చెయ్యదు. వారానికి 0.9 శాతం చొప్పున ఎముక పోదు. కాని మనుషుల ఒంటి పని ఎంత తగ్గిపోయిందో ఒకసారి లెక్క వేసుకోండి. బావిలోంచి నీళ్ళు తోడడం లేదు, రోట్లో రుబ్బడం లేదు, తిరగలి విసరడం లేదు. పీట మీద కూర్చుని లేవడం కూడా పోయి డైనింగ్ టేబులు వచ్చింది. వీధి చివర పాలబూతుకు వెళ్ళాలన్నా స్కూటరు తీస్తాం.

అయితే ఒక మాట. పూర్వపు ఆడవాళ్ళు చాకిరీ చేశారు కాబట్టి అందరి ఎముకలూ ఉక్కులా వుండేవని అనుకోకండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తక్కువ రాబడి గల కుటుంబాల స్త్రీలను పరీక్షించి 2005లో ప్రచురించిన ఫలితాల ప్రకారం వాళ్ళలో ఎముక సాంద్రత బాగా తక్కువ. వాళ్ళకు పని లేకనా? కాదు, తిండి చాలక. మేస్త్రీ ఎంత అరిచినా సిమెంటు, ఇటుక లేకపోతే గోడ లేవదు. పనీ కావాలి, తిండీ కావాలి. రెండెద్దుల బండి అది.

పిల్లల సంగతి మరీ ముఖ్యం. ఎముకల్లో పెట్టుబడి పెట్టే వయసు చిన్నతనం, యౌవనం. సుమారు ముప్పయ్యేళ్ళ లోపల కూడబెట్టుకున్నదే జీవితాంతం తీసి ఖర్చు పెట్టుకుంటాం. సరిగ్గా ఆ వయసులోనే మనం పిల్లలను రెసిడెన్షియల్ కాలేజీలో వేసి తెల్లవారింది మొదలు రాత్రిదాకా బెంచీ మీద కూర్చోబెడుతున్నాం. ర్యాంకు వస్తుందో రాదో గాని, ఎముకల ఖాతాలో జమ మాత్రం తగ్గుతుంది. రోజూ గంటసేపు పరుగులు, గెంతులు, తాడాట, కబాడీ, ఖోఖో వంటివి ఆడనివ్వడం చదువుకు చేటు కాదు. గెంతడం, దూకడం ఎముకకు మంచి మేత.

ఏం చెయ్యాలి?

ఇంట్లో ఎవరైనా మంచాన వుంటే ఈ సంగతులు గుర్తు పెట్టుకోండి.

1. డాక్టరు విశ్రాంతి అన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని రోజులు? ఎప్పుడు కూర్చోవచ్చు? ఎప్పుడు నిలబడవచ్చు? ఈ మూడింటికీ జవాబు కాగితం మీద రాయించుకోండి.

2. మామూలు నడుం నొప్పికి ఒకటి రెండు రోజులకు మించి పడుకోవద్దు. నొప్పి ఓర్చుకోగలిగినంతలో తిరగడమే త్వరగా నయం చేస్తుంది. కాని కాళ్ళు మొద్దుబారినా, బలం తగ్గినా, మూత్రం బిగబట్టినా, పడ్డ తర్వాత నొప్పి మొదలైనా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

3. అనుమతి వున్న రోగిని రోజుకు మూడు నాలుగుసార్లు మంచం అంచున కాళ్ళు కిందికి వేసి కూర్చోబెట్టండి. తర్వాత పట్టుకుని నిలబెట్టండి. ఒక నిమిషం నిలబడినా అది వైద్యమే. మొదటిసారి కళ్ళు తిరగవచ్చు కాబట్టి పక్కన మనిషి వుండాలి. అన్నం మంచం మీద కాకుండా కుర్చీలో పెట్టండి. మరుగుదొడ్డికి నడిపించి తీసుకువెళ్ళండి.

4. లేవడానికి వీలులేనివారు పడుకునే పాదాలను పైకీ కిందికీ ఆడించాలి, తొడ కండను బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. దీనితో ఎముక పూర్తిగా నిలవకపోయినా కండ నిలుస్తుంది, రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది.

5. పిండికట్టు వేసినప్పుడు కట్టు బయట వున్న వేళ్ళను, కీళ్ళను కదిలిస్తూ వుండాలి. కట్టు విప్పాక కాలు సన్నగా కనిపిస్తుంది. లోపలి ఎముక కూడా పలచబడిందని గ్రహించి, చెప్పినన్నాళ్ళు వ్యాయామం చెయ్యండి. ఒక్కసారిగా గెంతకండి.

6. పక్షవాతం వచ్చినవారికి చచ్చుబడిన వైపు ఎముక త్వరగా గుల్లబారుతుంది. పడితే తుంటి విరిగేది ఎక్కువగా ఆ వైపే. అంచేత ఫిజియోథెరపీ రెండు వారాలు చేయించి ఆపెయ్యకండి. ఊత ఇచ్చి నిలబెట్టడం నెలల తరబడి సాగాలి.

ఇక ఆరోగ్యంగా తిరిగేవారికి. రోజూ అరగంట చురుకైన నడక మంచిదే, కాని ఎముకకు అది ఒక్కటే చాలదు. మెట్లెక్కండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేచి మడమలను దించండి. ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడండి. ఇది పడకుండా కాపాడే విద్య. వారానికి రెండు మూడు రోజులు చేతులతో, కాళ్ళతో తగుమాత్రం బరువులు ఎత్తే వ్యాయామం చెయ్యండి. ఈత, సైకిలు గుండెకు చాలా మంచివి. కాని ఒంటి బరువును నీళ్ళో, సీటో మోస్తాయి కాబట్టి ఎముకకు వాటివల్ల లాభం తక్కువ. ఇప్పటికే ఎముకలు గుల్లబారాయని తేలినవారు ముందుకు వంగి బరువులు ఎత్తకూడదు, డాక్టరుని అడగకుండా గెంతకూడదు.

తిండి విషయం. పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని 2020లో భారత వైద్య పరిశోధన మండలి సూచించింది. ఒక గ్లాసు పాలల్లో సుమారు 240 మిల్లీగ్రాములు, 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు వుంటుంది. పెరుగు, నువ్వులు, మునగాకు, ముల్లుతో సహా తినే చిన్నచేపలు కూడా మంచివి. పప్పు, గుడ్డు వంటి మాంసకృత్తులు మరిచిపోకండి. విటమిన్ డి కోసం ఎండ కావాలి. లేత ఎండ కళ్ళకు హాయి గాని దానితో విటమిన్ తక్కువ. తిరుపతిలో జరిగిన పరిశీలనలో 11 గంటలకూ 2 గంటలకూ మధ్య ఎండలోనే అది బాగా తయారవుతుందని తేలింది. ఆ వేళ చేతులు, ముఖం కాసేపు ఎండ తగలనివ్వండి. వేసవిలో వడదెబ్బ జాగ్రత్త. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు.

మీరు అడగబోయే ప్రశ్నలు

మంచాన వున్నవాళ్ళకు కాల్షియం మాత్రలు ఇస్తే సరిపోదా? సరిపోదు. బరువు పడని ఎముక కాల్షియాన్ని పట్టుకోదు. పైగా ఎముక నుంచి కరిగిన కాల్షియం మూత్రంలో పోతున్న సమయంలో, డాక్టరు చెప్పకుండా మాత్రలు మింగితే రాళ్ళ బెడద పెరగవచ్చు. నీళ్ళు మాత్రం, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు లేనివారికి, ధారాళంగా ఇవ్వండి.

పోయిన ఎముక తిరిగి వస్తుందా? చాలావరకు వస్తుంది, కాని పోయినంత త్వరగా రాదు. డెన్మార్కు రోగుల్లో నాలుగు వారాల్లో పోయింది పూడడానికి సుమారు నాలుగు నెలలు పట్టింది. 17 వారాలు పడుకున్నవారిలో ఆరు నెలలు తిరిగాక మడమ దాదాపు కోలుకుంది గాని వెన్ను, తుంటి పూర్తిగా కోలుకోలేదు. వయసు మళ్ళినవారికి మరింత ఆలస్యం. అంచేత పోనివ్వకుండా వుండడమే తెలివి.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నడవవచ్చా? నడవాలి. నొప్పి భరించలేనంత కాకుండా, సమనేల మీద, కొద్దికొద్దిగా, ఒకేసారి గంట నడవలేకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు. కర్ర పట్టుకోవడం నామర్దా కాదు.

గర్భిణి అంటే మంచం మీదే వుండాలా? మామూలు గర్భానికి మంచం అక్కరలేదు. మంచాన వుంచడం వల్ల నెలలు నిండకుండా కాన్పు కావడం ఆగుతుందని రుజువు కాలేదు. ప్రత్యేకించి మీ డాక్టరు చెప్పిన కారణం వుంటే తప్ప, మామూలుగా తిరుగుతూ పనులు చేసుకోవచ్చు.

ఎముక పరీక్ష ఎవరు చేయించుకోవాలి? 65 దాటిన స్త్రీలు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు, స్టెరాయిడ్ మందులు నెలల తరబడి వాడేవారు, చాలాకాలం మంచాన వుండి లేచినవారు డాక్టరుని అడిగి డెక్సా అనే పరీక్ష చేయించుకోవచ్చు. నొప్పి వుండదు. తేడా కనిపిస్తే మంచి మందులున్నాయి. ఏది, ఎన్నాళ్ళు అన్నది డాక్టరే చెప్పాలి.

విశ్రాంతి తప్పనిసరి అయిన సందర్భాలు లేకపోలేదు. వెన్నుపూస విరిగి కదిలితే నరాలు దెబ్బతినే ప్రమాదం వున్నప్పుడు, విరిగిన కాలికి ఇంకా చికిత్స జరగనప్పుడు, రోగి ప్రాణాపాయ స్థితిలో వున్నప్పుడు డాక్టరు కదలవద్దంటే కదలకూడదు. అలాంటప్పుడు మాట వినండి. కాని ఆ గండం గడిచాక కూడా, చెప్పిన గడువు దాటాక కూడా, ప్రేమతో మరో నెల పడుకోబెట్టడం మాత్రం మానుకోండి. మీ ఇంట్లో పెద్దవారెవరైనా ఈపాటికి అలా మంచం మీద వున్నారా? ఈ పత్రిక పక్కన పెట్టి, వారిని ఎప్పుడు లేపవచ్చో ఇవాళే మీ డాక్టరుని అడగండి. సరే అన్న వెంటనే చెయ్యి అందించండి.